ధ్రువపత్రము ఒకనాటి సాక్ష్యము మాత్రమే

(పర్సుడీహ్‌లో జరిగిన రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశములో చేసిన ఉపన్యాస పాఠము)



వేతనముల గురించి, పింఛను గురించి మాట్లాడుట నాకు అలవాటు. ఈ రోజు పాత మోటారు బండి గురించి మాట్లాడుతానన్నప్పుడు మన కార్యదర్శి గారు నవ్వినారు. “సంఘానికీ పాత బండికీ ఏమి సంబంధమండీ?” అని అడిగినారు. సంబంధము ఉన్నది. ముప్పయి ఐదేండ్లు కష్టపడి మన ఉద్యోగి చేతికి తెచ్చుకొన్న గ్రాట్యుటీ సొమ్ము ఎక్కడికి పోతున్నదో చూచుట సంఘము పనే. ఆయన భార్యాబిడ్డలు ఎక్కి కూర్చునే బండికి బ్రేకు పడుతుందా లేదా అన్నది కూడ సంఘము పనే.

పర్సుడీహ్ టాటానగర్ స్టేషనుకు చేరువలోని పేట. శ్రీకాకుళము, విశాఖ ప్రాంతముల నుండి పొట్ట చేతబట్టుకొని జంషెడ్‌పూర్ వచ్చిన మన కుటుంబములు ఇక్కడ తరములు గడిపినవి. ఊరిలో పండుగకు పోవాలన్నా, పిల్లకు సంబంధము చూడడానికి చక్రధర్‌పూర్ పోవాలన్నా, ఏడెనిమిది మంది పట్టే బండి ఒకటి ఉంటే బాగుండునని ప్రతి ఇంటిలోను అనుకొంటారు. కొత్తది కొనడానికి శక్తి చాలదు. కాబట్టి పదమూడు, పధ్నాలుగేండ్లు తిరిగిన సుమో, బొలెరో, సఫారీ, స్కార్పియో వంటి వాటి వైపు చూస్తారు. అందులో తప్పు లేదు. నేను పాత బండి కొనవద్దని చెప్పడానికి రాలేదు. ఎట్లు చూచి కొనవలెనో చెప్పడానికి వచ్చినాను.

ఇటువంటి బండ్లకు మన ఊరితో పాత బంధుత్వమే ఉన్నది. 1945లో జంషెడ్‌పూర్‌లో టెల్కో ఏర్పడినది ఆవిరి ఇంజిన్ల తయారీ కొరకు. ఆ పేరులోని ‘లోకోమోటివ్’ మన రైల్వే మాటయే. 1954లో డైమ్లర్-బెంజ్ సహకారముతో లారీల తయారీ వచ్చినది. 1994లో ఆ కంపెనీ విడుదల చేసిన సుమో పూణేలో తయారైనప్పటికీ, దాని పేరు టెల్కోకు చిరకాలము నాయకత్వము వహించిన సుమంత్ మూల్‌గావ్‌కర్ పేరులోని తొలి అక్షరముల నుండి వచ్చినది. సఫారీ 1998లో, బొలెరో 2000లో, స్కార్పియో 2002లో వచ్చినవి. సుమో తయారీ 2019లో ఆగిపోయినది. ఆ కాలపు ఈ బండ్లన్నిటికీ పోలిక ఒకటే: నిచ్చెన వంటి ఇనుప చాసిస్, దాని మీద కూర్చిన బాడీ. అందుకే మోటుగా వాడినా తట్టుకొంటాయని పేరు పొందినవి. ఆ పేరు అబద్ధము కాదు. కాని ఆ పేరే మనలను మోసపుచ్చుతున్నది.

ఒక సహోద్యోగి అనుభవము

మా పాత సహోద్యోగి ఒకరున్నారు. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రము చెప్పను. వ్యాగన్ల పరీక్షలో జీవితమంతా గడిపినారు. సుత్తితో చక్రమును కొట్టి, ఆ శబ్దమును బట్టి పగులు ఉన్నదో లేదో చెప్పగల మనిషి. ఉద్యోగ విరమణ తరువాత ఒక వ్యాపారి వద్ద పధ్నాలుగేండ్ల పాత బండి చూచినారు. బాడీకి కొత్త రంగు, సీట్లకు కొత్త తొడుగులు, చల్లని గాలి, మంచి పాటల పెట్టె. “అన్నా, నువ్వు కూడా ఒకసారి చూడు” అని నన్ను పిలిచినారు. నేను ఎక్కి కూర్చున్నాను. స్టేషను రోడ్డు మీద రెండు మైళ్లు తిరిగినాము. “బాగున్నది, తీసుకో” అన్నాను. మిత్రులారా, ఆ మాట అన్నవాడిని నేనే గనుక ఈ రోజు ఈ ఉపన్యాసము నా ప్రాయశ్చిత్తము కూడ.

కొన్న పది నెలలకు రిజిస్ట్రేషను గడువు దగ్గరపడినది. సొంత వాడకపు బండికి మొదటి రిజిస్ట్రేషను 15 సంవత్సరములే. ఆ పైన బండిని పరీక్షకు చూపి, అయిదేండ్లకు పునరుద్ధరించుకోవలెను. మన తెలుగు జిల్లాలలో ‘బ్రేకు ఇన్‌స్పెక్టరు’ అని పిలుచుకొనే అధికారి ముందుకు బండి పోయినది. ఆయన సావధానముగా చూచినారు, తప్పించినారు. కాగితము మీద వ్రాసిన లోపములు ఇవి.

ఒకటి: వెనుక ఎడమ చక్రము బ్రేకు కుడి చక్రముతో సమానముగా పట్టడము లేదు. రెండు: స్టీరింగులో ఆట ఎక్కువ, ముందు చక్రముల బాల్ జాయింట్లు అరిగినవి. మూడు: పొగ పరిమితికి మించినది. నాలుగు: ఒక హెడ్‌లైటు వెలుగు రోడ్డు మీద కాక ఎదుటివారి కండ్లలో పడుతున్నది. అయిదు: చాసిస్ మీద కొట్టిన నంబరు తుప్పులో కలిసిపోయి చదువుటకు వీలులేకున్నది. ఆరు: ఆ తుప్పును గీకినప్పుడు బయటపడినది. చాసిస్ పట్టె ఒకచోట తిని, దాని మీద రేకు అతికి, పుట్టీ పెట్టి, నల్ల రంగు పూసి ఉన్నది.

మొదటి నాలుగూ మరమ్మత్తుకు లొంగేవి. అయిదవది కాగితపు చిక్కు. ఆరవదే ప్రాణాంతకము.

అదే రోజు కార్యాలయము బయట ఒక ఏజెంటు ఆయనను కలిసినాడు. “ఇంకొక చోట చూపిద్దాం సార్, బండి రాకపోయినా పరవాలేదు, కాగితం వస్తుంది” అన్నాడు. ఆ రాత్రి ఆయన మా ఇంటికి వచ్చినారు. నాలుగు రోజులలో మనుమలతో రాంచీ ప్రయాణము పెట్టుకొన్నారు. చక్రధర్‌పూర్ దాటితే టెబో ఘాట్ మలుపులు మీకు తెలిసినవే. “ఏం చేయమంటావు?” అని అడిగినారు. నేను జవాబు చెప్పే లోపలే ఆయనే అన్నారు: “వ్యాగన్ అయితే సిక్ లైన్‌లో పెట్టి చీటీ అంటించి ఉందును. నా మనుమలు ఎక్కే బండికి దొంగ కాగితం తెస్తానా?” వారు రైలులో పోయినారు.

మన శాఖలు నేర్పిన పాఠము

ఇందులో ఒక ప్రశ్న నన్ను వదలలేదు. వ్యాగన్ అడుగున పాకి చూచిన మనిషి తన బండి అడుగు ఎందుకు చూడలేదు? సమాధానము సులువు. అది ఉద్యోగము, ఇది ఇల్లు అనుకొన్నారు. పైగా బండికి అన్ని కాగితములు ఉన్నవి గనుక బండి సరిగా ఉన్నదనుకొన్నారు.

రైల్వేలో మనము కాగితమును అట్లు చూడము. గూడ్సు బండికి బ్రేకు పవర్ సర్టిఫికెట్, మనము బి.పి.సి. అనేది, ఇస్తారు. లోకో పైలట్, ట్రెయిన్ మేనేజరు (2022 వరకు గార్డు అని పిలిచినాము) దాని మీద సంతకము చేస్తారు. అయినా బండి కదలే ముందు గాలి పీడనము చివరి పెట్టె దాక అందినదా అని చూచుకొంటారు. పరిమితికి మించి పెట్టెలు మారితే ఆ పత్రము చెల్లదు. అనగా ఆ పత్రము ఆ నాటి ఆ రేకు స్థితిని గురించి ఒక సాక్ష్యము. అంతకు మించి ఏమీ కాదు.

తపాలా సోదరులకు మరింత సులువుగా చెబుతాను. ఉత్తరము మీద తేదీ ముద్ర వేస్తారు. ఆ తేదీన ఆ ఉత్తరము ఆ కార్యాలయములో ఉన్నదని ఆ ముద్ర సాక్ష్యము చెబుతుంది. ఉత్తరము తడవక, చిరుగక గమ్యము చేరుతుందని ఆ ముద్ర పూచీ ఇవ్వదు. మోటారు బండి ఫిట్‌నెస్ పత్రమూ అంతే. ఆ రోజున, ఆ పరీక్షలో, ఆ బండి నిలిచినది. మరునాటికి బ్రేకు గొట్టము పగిలితే ఆ కాగితము అడ్డుపడదు.

ఇంకొక పాఠము కూడ మన రైల్వే నేర్పినది. వయస్సు ఒక్కటే ప్రమాదము కాదు. ఐ.సి.ఎఫ్. ప్రయాణికుల పెట్టెకు నిర్ణయించిన ఆయువు 25 సంవత్సరములు. అది వర్క్‌షాపుకు పోయి, విప్పి, అరిగినది మార్చి, మరల రోడ్డు మీదికి వస్తూ ఉంటేనే ఆ ఆయువు దక్కుతుంది. పాతబడిన ప్రయాణికుల పెట్టెలను మార్చి, కొత్త కార్లను రవాణా చేసే ఎన్.ఎం.జి. పెట్టెలుగా కూడ మనము వాడుతున్నాము. పాత పెట్టె కొత్త కారును మోయగలదు. క్రమము తప్పని పరీక్ష, దాపరికము లేని మరమ్మత్తు రికార్డు ఉంటే పాతది నమ్మదగినదే. అవి లేనిచో అయిదేండ్ల బండి కూడ నమ్మదగినది కాదు.

బండ్లు పరీక్షలో ఎందుకు తప్పుతాయి

పాత పెద్ద బండ్లు తప్పే చోట్లు కొన్నే. వాటి కారణములు తెలిస్తే కొనేటప్పుడు ఎక్కడ చూడవలెనో తెలుస్తుంది.

బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొంటుంది. ఏండ్ల తరబడి మార్చకపోతే దాని మరుగు స్థానము తగ్గుతుంది. పర్సుడీహ్ బజారులో నెమ్మదిగా తిరిగేటప్పుడు తేడా తెలియదు. ఘాటు దిగేటప్పుడు అదే పనిగా బ్రేకు తొక్కితే ద్రవము మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడలు మెత్తగా క్రిందికి దిగిపోతుంది. వెనుక డ్రమ్ములోని సిలిండరు కారితే లైనర్ల మీద నూనె పడి ఒక వైపు బ్రేకు పట్టదు, బండి రెండవ వైపుకు లాగుతుంది. మా మిత్రుని బండికి జరిగినది ఇదే.

టైరు విషయములో నియమము స్పష్టముగా ఉన్నది. కార్లకు, పెద్ద బండ్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడి అడుగున చిన్న మెట్టు వంటి గుర్తు ఉంటుంది. టైరు అరిగి ఆ మెట్టుతో సమానమైతే దాని పని అయిపోయినట్లే. ముందు టైరు ఒక అంచున మాత్రమే అరిగి ఉంటే టైరును నిందించవద్దు. బాల్ జాయింట్లు, బుష్‌లు, వీల్ అలైన్‌మెంటు చూడండి.

పొగ సంగతి. భారత్ స్టేజి-4కు ముందు తరము డీజిలు బండికి పరిమితి 65 హార్ట్రిడ్జి యూనిట్లు, ఆ తరమునకు 50. నల్ల పొగ అనగా డీజిలు పూర్తిగా కాలడము లేదన్న మాట. గాలి ఫిల్టరు మూసుకొనిపోయినా, ఇంజెక్టర్లు అరిగినా, పంపు అమరిక తప్పినా అది వస్తుంది. పరీక్ష రోజున మాత్రము పంపు తగ్గించి మరునాడు మరల పెంచే మెకానిక్కులున్నారు. అటువంటి విద్య మనకు వద్దు.

ఇక చాసిస్. నిచ్చెన చాసిస్ బలమైనదే, కాని అది పెట్టె వంటి పట్టె. లోపల నీరు, మట్టి చేరితే లోపలి నుండి తింటుంది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. నాలుగు నెలల వానలు, బురద రోడ్లు ఉన్న మన సింగ్‌భూమ్‌లో, అందులోను గనుల రోడ్ల మీద బరువు మోసి తిరిగిన బండ్లలో, ఈ భయము ఎక్కువ. వెనుక కమాన్ కట్టలు చాసిస్‌కు కలిసే చోట, స్టీరింగు పెట్టె బిగించిన చోట పగుళ్లు వెదకవలెను. ఇంజిను చెడితే బండి ఆగుతుంది. చాసిస్ విరిగితే బండి ఆగదు, పడిపోతుంది. కాబట్టి ఇంజిను శబ్దము విని మురిసిపోయే ముందు అడుగున పాకి చూడండి.

చట్టములో తెలుసుకోవలసినది

మనవారు అన్నిటినీ ‘ఎఫ్.సి.’ అనే అంటారు. రెండు వేరు విషయములున్నవి. పసుపు నంబరు పలక గల కిరాయి బండికి 1988 మోటారు వాహనముల చట్టము 56వ సెక్షను ప్రకారము ఫిట్‌నెస్ పత్రము తప్పనిసరి. ఎనిమిదేండ్లు దాటిన బండికి దానిని ఏటేట పునరుద్ధరించవలెను. అది లేకపోతే రిజిస్ట్రేషనే చెల్లనట్లు లెక్క. తెల్ల పలక గల సొంత బండికి 15 సంవత్సరముల తరువాత పరీక్ష వస్తుంది. అంటే మొదటి 15 ఏండ్లలో ఆ బండి బ్రేకులను ఏ అధికారీ చూడక పోయి ఉండవచ్చును. ఈ సంగతి మరువవద్దు. తెల్ల పలక బండిని స్టేషను వద్ద కిరాయికి త్రిప్పి నాలుగు రాళ్లు సంపాదించుకొందామని కొందరు అనుకొంటారు. ప్రమాదము జరిగిన నాడు బీమా కంపెనీ మొదట పట్టుకొనేది ఆ సంగతినే.

రుసుములు కూడ లెక్క వేసుకోండి. 15 ఏండ్లు దాటిన కారు తరగతి బండికి రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము 600 రూపాయలుండేది. 2022 ఏప్రిల్ 1 నుండి అది 5,000 అయినది. ఆలస్యమైన ప్రతి నెలకు 500 అదనము. 20 ఏండ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో దానిని 10,000 చేసినారు. పధ్నాలుగేండ్ల బండి చవుకగా ఎందుకు వస్తున్నదో ఇప్పుడు అర్థమైనది గదా! ఆ పరీక్షనూ, ఆ రుసుమునూ అమ్మేవాడు మన నెత్తిన పెడుతున్నాడు.

ప్రభుత్వ శాఖల బండ్లకు 15 ఏండ్లు దాటిన తరువాత రిజిస్ట్రేషను పునరుద్ధరణ 2023 ఏప్రిల్ 1 నుండి లేదు. కాబట్టి “ఇది ఆఫీసు బండి, వేలములో వచ్చినది” అని ఎవరైనా అటువంటి పాత బండిని చూపితే కాగితములను రెండుసార్లు చూడండి. ఢిల్లీలో పాత డీజిలు బండ్ల మీద 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశముల తరువాత అక్కడి బండ్లు ఇతర రాష్ట్రముల సంతలకు చేరినవి. పరాయి రాష్ట్రపు బండి అయితే అక్కడి రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రము లేనిదే సొమ్ము ఇవ్వవద్దు.

అమ్మేవారికి కూడ ఒక హెచ్చరిక. బండి అమ్మి, తాళాలు ఇచ్చి, పేరు మార్పించకుండ ఊరుకోవద్దు. రిజిస్టరులో పేరు ఎవరిదో ప్రమాద బాధ్యత వారిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది.

మనము చేయవలసినవి

వ్యక్తిగతముగా చేయవలసినది నాలుగు మాటలలో చెబుతాను. బండిని పగటి వెలుగులో చూడండి. చల్లని ఇంజినును మీ ముందరే స్టార్టు చేయించండి. గుంట మీద గాని, ర్యాంపు మీద గాని పెట్టించి అడుగు చూడండి, కొత్త నల్ల రంగు కనిపిస్తే చిన్న సుత్తితో తట్టండి. చాసిస్ నంబరు, ఇంజిను నంబరు ఆర్.సి. పుస్తకముతో సరిచూడండి. పరీక్షకు దగ్గరపడిన బండి అయితే, “ముందు పునరుద్ధరణ చేయించి ఇవ్వండి, తరువాత సొమ్ము” అనండి. దానికి ఒప్పుకోని వ్యాపారికి బండి సంగతి మీకంటె బాగా తెలుసునన్న మాట.

సంఘముగా చేయవలసినవి మూడున్నవి.

మొదటిది: మన పరపతి సంఘములు పాత బండికి అప్పు ఇచ్చే ముందు తనిఖీ పత్రమును కోరవలెను. ఆ తనిఖీ చేయగల చేతులు మన వద్దనే ఉన్నవి. వ్యాగన్ శాఖలో, లోకో షెడ్డులో, మెయిల్ మోటారు సర్వీసులో పనిచేసి విరమించిన మెకానిక్కులు ఎందరో ఈ సభలోనే కూర్చున్నారు. నెలకొక ఆదివారము ఉచితముగా బండ్లు చూచే సంఘమును ఇక్కడే ఏర్పరచుదామని ప్రతిపాదిస్తున్నాను.

రెండవది: పరీక్ష నిజమైన పరీక్షగా ఉండవలెనని మనము కోరవలెను. రుసుము పెంచినవారు యంత్ర పరీక్షా కేంద్రమును సామాన్యునికి అందుబాటులో ఉంచవలెను. బ్రిటన్‌లో 1960లో మొదట పదేండ్లు దాటిన బండ్లకు ఇటువంటి పరీక్ష ప్రవేశపెట్టినారు. ఇప్పుడు అక్కడ మూడేండ్లు దాటిన కారుకు ఏటేట పరీక్ష ఉన్నది. నంబరు చెబితే ఆ బండి గతములో ఏ లోపముతో తప్పినదో కొనేవాడు ఎవడైనా చూచుకోవచ్చును. మన దేశములోను కొనేవానికి ఆ హక్కు ఉండవలెను. తప్పిన పరీక్ష రహస్యము కారాదు.

మూడవది: దొంగ కాగితమునకు సంఘము పేరు వాడుకోనీయరాదు. “అన్నా, కొంచెం చెప్పి పెట్టండి” అని నా వద్దకు వచ్చినవారు లేకపోలేదు. వారికి నా సమాధానము ఒకటే. తప్పించిన అధికారి మన శత్రువు కాడు. ఆయన మన టి.ఎక్స్.ఆర్. వంటివాడు. లోపము చూచి కూడ వదిలిపెట్టినవాడే మన శత్రువు.

మా మిత్రుని సంగతి చెప్పి ముగిస్తాను. బ్రేకులు, స్టీరింగు బాగు చేయించడానికి ఆయన సిద్ధపడినారు. కాని చాసిస్ సంగతి తెలిసిన పెద్ద మిస్త్రీ చూచి, ఇది అతికితే నిలిచేది కాదన్నాడు. ఆ బండినే మరొక అమాయకునికి అంటగట్టి సగము సొమ్ము రాబట్టుకోమని సలహా చెప్పినవారున్నారు. ఆయన వినలేదు. నమోదైన స్క్రాపు కేంద్రమునకు అప్పగించి, రిజిస్ట్రేషను రద్దు చేయించి, ఇనుము ధర తీసుకొన్నారు. పెట్టిన సొమ్ములో అధిక భాగము పోయినది. అది చిన్న నష్టము కాదు. ఆ ఇంట ఒక పెండ్లి ఏడాది వెనుకబడినది.

ఆయన ఈ సభలోనే, మూడవ వరుసలో ఉన్నారు. బండ్లు చూచే సంఘమునకు మొదటి సభ్యునిగా తన పేరు వ్రాసుకోమని ఉదయమే నాకు చెప్పినారు. ఒక సుత్తి, ఒక టార్చిలైటు, నేల మీద పరచుకొనే గోనె తనవేనన్నారు. రెండవ పేరుగా నాది వ్రాసుకొన్నాను. మూడవ పేరు ఎవరిదో మీరు చెప్పండి.

సెలవు.